సున్నపురాయి, సూర్యరశ్మి

తెలుగుభాషా చరిత్రమును చదివిన ప్రతి విద్యార్థికిని కలమళ్ళ పేరు తెలియును. కడప జిల్లా ఎఱ్ఱగుంట్ల మండలములోని ఆ గ్రామమున, చెన్నకేశవస్వామి ఆలయ ప్రాంగణమందు, రేనాటి చోళుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము దొరకినది. అది క్రీ.శ. 575 ప్రాంతము నాటిదని పండితుల నిర్ణయము. తెలుగు వాక్యము రాతిమీద మొదట నిలిచిన తావులలో అది అగ్రగణ్యము. అదే గ్రామము పేరు నేడు వేఱొక పట్టికలో కూడ కనిపించును. రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము వెలసినది ఆ కలమళ్ళ పొలిమేరలోనే. 1994లో తొలి యంత్రము పని ప్రారంభించినది. 210 మెగావాట్ల యంత్రములు ఐదు, 2018లో చేరిన 600 మెగావాట్ల యంత్రమొకటి, వెరసి 1650 మెగావాట్లు. శాసనములోని అక్షరములు రాతిని నమ్ముకొని పదునాలుగు శతాబ్దములు నిలిచినవి. ఈ పొగగొట్టములనుండి వెడలు బొగ్గుపులుసు వాయువు ఆకాశమునందు అంతకంటెను మొండిగా నిలుచును. అందులో కొంత భాగము వేల సంవత్సరములవఱకు తొలగదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

లెక్క సులభమే. బొగ్గు మండించి ఒక యూనిట్టు విద్యుత్తు పుట్టించుటకు ఇంచుమించు ఒక కిలోగ్రాము బొగ్గుపులుసు వాయువు వెడలును. కలమళ్ళ యంత్రములన్నియు పూర్తి వేగమున ఒక్క గంట తిరిగినచో పుట్టునది 16 లక్షల 50 వేల యూనిట్లు. ఆకాశమున కలియునది పదునాఱు వందల టన్నులకు చేరువ. రాయలసీమ నేలలో బొగ్గు లేదు. అది సింగరేణి మొదలగు దూరపు గనులనుండి రైలుబండ్లమీద రావలయును. ఆవిరికి, చల్లార్పునకు కావలసిన నీరు పెన్నపై నున్న మైలవరము జలాశయమునుండి రావలయును. బొగ్గు లేని చోట, నీరు చాలని చోట ఇంత పెద్ద కేంద్రమును ఏల నిలిపిరని నేటివా రడుగవచ్చును. విద్యుత్తు తీగల కొనయందుండి, దీపము వెలిగినను వెలుగు చాలని సీమకు అది ఆనాడు ప్రాణావసరమైనది. ఆ మాట మఱచి పొగను మాత్రమే నిందించుట న్యాయము కాదు.

ఇట్టి వాయువును తగ్గింతుమని మన దేశము ప్రపంచమునకు మాట యిచ్చినది. 2015లో, పారిస్ నగరమున సమావేశము జరుగుటకు ముందు సమర్పించిన పత్రములో, 2005 నాటి స్థితితో పోల్చి 2030 నాటికి జాతీయోత్పత్తిలో ప్రతి రూపాయికిని వెలువడు వాయువును నూటికి 33 మొదలు 35 పాళ్లవఱకు తగ్గింతుమని ప్రభుత్వము పలికినది. 2021 నవంబరులో గ్లాస్గో నగరమున, 2070 నాటికి దేశము వెలువరించునదియు, తిరిగి పీల్చుకొనునదియు సరిసమానము కాగలవని ప్రధానమంత్రి ప్రకటించిరి. 2022 ఆగస్టులో ఆ పూర్వపు పత్రమును సవరించి, 35ను 45గా పెంచిరి. విద్యుత్తు స్థాపిత సామర్థ్యములో సగము 2030 నాటికి బొగ్గు, చమురు, సహజవాయువు కాని వనరులది కావలయునని చేర్చిరి.

వ్యాకరణము చదివినవారు ఈ వాక్యములను కొంచెము నిలిచి అన్వయించుకొనవలయును. ‘తగ్గింతుము’ అను క్రియకు కర్మ యేది? మొత్తము వాయువు కాదు. రూపాయి యొక్కింటికి వెడలు వాయువు. ఒక సున్నపుబట్టీని ఊహింపుడు. నిరుడు పది బండ్ల కట్టెలు కాల్చి నూఱు బస్తాల సున్నము తీసినారు. ఈ యేడు పదునైదు బండ్లు కాల్చి రెండువందల బస్తాలు తీసినారు. బస్తా యొక్కింటికి కట్టె నాల్గవవంతు తగ్గినది. అడవిలో నఱికిన కట్టె మాత్రము సగమునకు సగము పెరిగినది. దేశపు లెక్క యిట్టిదే. 2020 నాటికి ఆ నిష్పత్తి నూటికి 36 పాళ్లు తగ్గినదని 2024 డిసెంబరులో ప్రభుత్వము సమర్పించిన నివేదిక తెలుపుచున్నది. ఆ పదునైదేండ్లలో మొత్తము వాయువు మాత్రము పెరిగినది. ఇందు మోసమేమియు లేదు. భారతీయుడు సగటున వెలువరించునది ప్రపంచపు సగటులో సగమైనను లేదు. ఇంకను ఇండ్లు కట్టవలసినవారు, దారులు వేయవలసినవారు కోట్లకొలది కలరు. మాటను ఉన్నదున్నట్లు చదువుకొనుట మాత్రము చదువరుల విధి.

రెండవ మాట మఱింత చిక్కైనది. 2025 జూన్ నాటికే, గడువునకు ఐదేండ్లు ముందుగా, స్థాపిత సామర్థ్యములో శిలాజేతర వనరుల భాగము సగమునకు చేరినది. పత్రికలలో పెద్ద అక్షరములతో వార్త వచ్చినది. అయినను దేశమున పుట్టిన విద్యుత్తులో నూటికి దాదాపు డెబ్బది వంతులు ఆ సంవత్సరమునను బొగ్గుదే. ఈ రెండు మాటలును నిజములే. గాదె పెద్దదైనంత మాత్రమున పంట పెద్దది కాదని రైతుబిడ్డకు ఎవరును చెప్పనక్కఱలేదు. స్థాపిత సామర్థ్యము గాదె, యూనిట్లు ధాన్యము.

ఆ భేదమును కన్నులార చూడదలచినవారు పూర్వపు కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామములకు పోవలయును. ఓర్వకల్లు, గడివేముల మండలముల నడుమ, రాళ్లును ముండ్లపొదలును తప్ప కంటికి వేఱేమియు ఆననట్టి మిట్టలమీద, 5,932 ఎకరములలో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము 2017లో పూర్తియైనది. నలుబది లక్షలకు మించిన నీలపు పలకలు సూర్యుని వైపు మొగము పెట్టి పఱచుకొనియున్నవి. ఒకే చోట నెలకొన్న సౌరక్షేత్రములలో ఆనాటికి ప్రపంచమున పెద్దదని పేరు పొందినది. మూడుతరముల వారు శపించిన ఎండ నాల్గవ తరమువారికి సరకైనది. కాని వెయ్యి మెగావాట్లు రేయింబవళ్లు పనిచేసినచో దినమునకు 240 లక్షల యూనిట్లు రావలయును. సూర్యుడు ఉదయించి అస్తమించువాడు. ప్రొద్దున వాలుగాను, మధ్యాహ్నము నిట్టనిలువుగాను ఎండ కాయును. శ్రావణభాద్రపదములలో మబ్బు కమ్మును. పలకలమీద ధూళి కూర్చుండును. ఇవన్నియు పోగా చేతికి చిక్కునది అందులో నాలుగింట ఒకవంతు. ఆ ధూళి కడుగుటకును నీరే కావలయును, ఆ నీటి కొఱత సీమవారికి కొత్త కాదు.

ధరల కథ యింతకంటె ఆశ్చర్యకరము. 2015 నవంబరులో ఈ గని క్షేత్రమందలి 500 మెగావాట్లకు వేలము జరిగినప్పుడు సన్ఎడిసన్ అను అమెరికా కంపెనీ యూనిట్టు 4 రూపాయల 63 పైసలకు పాడినది. అంతటి చౌక అదివఱకు దేశమున లేదు. 2016 ఏప్రిలులో ఆ కంపెనీ స్వదేశమున దివాలా న్యాయస్థానము మెట్లెక్కినది. ఆ పని హైదరాబాదుకు చెందిన గ్రీన్‌కో చేతికి వచ్చినది. మఱుసటి ఏడు ఏప్రిలులో కడప జిల్లా సౌరక్షేత్రమందలి 250 మెగావాట్లకు ఫ్రాన్సు దేశీయుల కంపెనీ 3 రూపాయల 15 పైసలకు పాడినది. ఏడాదిన్నరలో మూడింట ఒకవంతు తగ్గినది. చౌక యగుట మేలే కదా యని తోచును. కాని నిన్నటి ధరకు ఇరువదియైదేండ్ల ఒడంబడిక వ్రాసికొన్న పంపిణీ సంస్థలకు నేటి ధర చూచినప్పుడెల్ల కడుపు మండును. 2019లో రాష్ట్ర ప్రభుత్వము పాత గాలి, సౌర ఒడంబడికల ధరలను తిరిగి బేరమాడుటకై ఉన్నతస్థాయి సంఘమును నియమించినది. భారము ప్రజలమీద పడుచున్నదని ప్రభుత్వవాదము. వ్రాసిన మాట వ్రాసినట్లుండవలయునని కంపెనీల వాదము. హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివైచి, తుదితీర్పు వచ్చునంతవఱకు గాలికి 2 రూపాయల 43 పైసలు, సూర్యరశ్మికి 2 రూపాయల 44 పైసలు చెల్లింపుడనెను. 2022 మార్చిలో ధర్మాసనము ఒడంబడిక ధరలే చెల్లవలయునని తీర్పు చెప్పెను. ఆ మూడేండ్లును కొత్త పెట్టుబడికి సీమ మిట్టలవైపు చూచువారు వెనుకాడిరి. జాతి ప్రపంచమునకిచ్చిన మాట జిల్లాలో బిల్లు చెల్లింపుదగ్గఱ నిలిచిపోవుట ఇందు గమనింపదగిన సంగతి.

ఈ రెండు జిల్లాలకును ఇట్టి వ్యవహారము కొత్తది కాదు. 1860 ప్రాంతమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీ లండనులో వాటాలమ్మి, కర్నూలు చెంత సుంకేసుల యొద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడపవఱకు కాలువ త్రవ్వ పూనుకొన్నది. పది లక్షల పౌనుల మూలధనమునకు నూటికి ఐదు వడ్డీని ప్రభుత్వము హామీగా నిచ్చెను. లాభము వచ్చినను రాకున్నను వడ్డీ వచ్చును. నీరు పాఱగానే రైతులు ఎగబడి కొందురని కంపెనీ వేసిన అంచనా తప్పినది. నల్లరేగడిలో జొన్న, ప్రత్తి పండించు రైతు వాన కురిసిన యేడు కాలువవైపు తిరిగి చూడలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చెను. అట్లని ఆ కాలువ వృథాపోలేదు. నేడు కె.సి. కాలువ క్రింద 2 లక్షల 65 వేల ఎకరముల ఆయకట్టు కలదు. దానిని తీసివైచి నంద్యాల వరిచేలను ఊహింపజాలము. కాగితముమీది సామర్థ్యము నేలమీది పంట యగుటకు పట్టిన కాలము ఎంతయో ఆ కాలువగట్టు చెప్పును. వాతావరణపు గడువులు మాత్రము అంత ఓపిక పట్టునవి కావు.

సూర్యుడు పగటివాడు, ఇంటి దీపములు రాత్రివి. సాయంకాలము ఆఱుగంటలు దాటగానే పలకలు నిద్రించును, సరిగా అదేవేళకు ఇంటింట ఫ్యాను, టీవీ, దీపము ఒక్కమాఱుగా మేల్కొనును. ఆ గంటలలో ఆదుకొనువాడు బొగ్గే. బొగ్గుకొలిమి కట్టెలపొయ్యి వంటిది కాదు, మధ్యాహ్నము ఆర్పి సాయంకాలము అంటింతమన్న కుదురదు. లోహపు గొట్టములు వేడికిని చలువకును మాటిమాటికి సాగి ముడిగి పగులును. 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన నియమముల ప్రకారము బొగ్గు కేంద్రములు తమ పూర్తి శక్తిలో నూటికి 55 వంతులవఱకు, దశలవారీగా 40 వంతులవఱకు తగ్గి నడువ నేర్వవలయును. ఎండయున్నప్పుడు ఒదిగి, లేనప్పుడు లేచి నిలుచుట ముసలి యంత్రములకు కష్టసాధ్యమైన వ్యాయామము.

అందుకు మఱియొక ఉపాయము గని క్షేత్రమునకు అల్లంత దూరమున, పాణ్యము మండలములోని పిన్నాపురము కొండలలో తలపెట్టిరి. 2022 మే 17వ తేదీన శంకుస్థాపన జరిగిన ఆ పథకమున మీద నొక జలాశయము, క్రింద నొక జలాశయము. పగలు ఎండతో పుట్టిన విద్యుత్తు మిగిలినప్పుడు క్రింది నీటిని మీదికి ఎక్కింతురు. ప్రొద్దు గ్రుంకగానే మీది నీటిని క్రిందికి వదలి చక్రములు త్రిప్పుదురు. యంత్రముల శక్తి 1680 మెగావాట్లుగా నిర్ణయించిరి. నదికి అడ్డము లేదు. గోరుకల్లు జలాశయమునుండి ఒకసారి నింపుకొని, ఆవిరియై పోయినంత మాత్రము తిరిగి పోసికొనుట. ఏతము త్రొక్కిన సీమ రైతుకు ఈ సూత్రము క్రొత్తగా బోధింపనక్కఱలేదు, నీరు ఎక్కించుటకు బలము కావలయుననియు, దిగునప్పుడు బరువు పనిచేయుననియు ఆతడెఱుగును. పైకెక్కించిన శక్తిలో అయిదవవంతో, నాల్గవవంతో తిరిగి రాదు. ఆ నష్టము రాత్రివేళ వెలుగునకు చెల్లించు సుంకము.

ఇంతవఱకు చెప్పినది విద్యుత్తు మాట. విద్యుత్తునకు సూర్యుడున్నాడు, గాలియున్నది. సిమెంటునకు ఏమున్నది? రాయలసీమలో అసలు చిక్కుముడి ఇచ్చట నున్నది.

భూవిజ్ఞాన గ్రంథములలో కడప, కర్నూలు అనునవి శిలావర్గముల పేర్లు. కోట్లకొలది సంవత్సరములకు పూర్వము ఇచ్చట ఒక లోతులేని సముద్రముండెను. ఆ నీటిలో కరగిన బొగ్గుపులుసు వాయువు సున్నముతో కూడి, పొరమీద పొరగా అడుగున పేరుకొని రాయియైనది. వేంపల్లె శిలలలో ఆనాటి సూక్ష్మజీవులు కట్టిన పొరలపుట్టలు నేటికిని కంటికి కనబడుచున్నవి. నార్జి సున్నపురాయి యని శాస్త్రజ్ఞులు పేరిడిన మేటి నిక్షేపములు జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల, బేతంచెర్ల ప్రాంతములలో వ్యాపించియున్నవి. ఇండ్లలో పఱచు కడప బండయు ఆ సముద్రపు బిడ్డయే. మనుష్యుడు పుట్టకమున్నే ప్రకృతి ఆకాశమునందలి వాయువును పట్టి రాతిలో బంధించి దాచిపెట్టినదన్నమాట.

సిమెంటు చేయుట యనగా ఆ బంధమును విప్పుట. స్వచ్ఛమైన సున్నపురాయి నూఱు కిలోగ్రాములు కాల్చినచో 56 కిలోలు సున్నము మిగులును, 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై వెడలిపోవును. ఇది రసాయనశాస్త్ర నియమము. బట్టీని బొగ్గుతో కాల్చినను, సూర్యరశ్మితోనే కాల్చినను ఈ 44 కిలోలు తగ్గవు. కాల్చుటకు వాడిన ఇంధనపు పొగ దీనికి అదనము. గని సౌరక్షేత్రమున్న గడివేముల మండలములోనే బిలకలగూడూరు సిమెంటు కర్మాగారమున్నది. ఒకే మండలములో ఒకటి వాయువును ఆపుచున్నది, రెండవది విడుచుచున్నది. సౌరక్షేత్రపు పలకల కాళ్లు నాటుకొన్నది గూడ సిమెంటు కాంక్రీటులోనే. ఇందు ఎవరిని వేలెత్తి చూపవలెనో చెప్పుట కష్టము.

కలమళ్ళ కేంద్రపు బూడిద చుట్టుప్రక్కల సిమెంటు కర్మాగారములకు పోవుచున్నది. బూడిద కలిపినకొలది కాల్చిన రాయి తక్కువ చాలును, వాయువు తగ్గును. ఈ ఏర్పాటు చక్కనిదే. అయితే బొగ్గు కేంద్రము మూతపడిననాడు బూడిద యెక్కడిది? ఒక లక్ష్యమును సాధించుట మఱియొక లక్ష్యమునకు అడ్డగు సందర్భములు ఇట్లుండును. కాల్చిన బంకమట్టిని, కాల్చని సున్నపురాతిపొడిని కలిపి సిమెంటు చేయు పద్ధతి యొకటి స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులును, మన ఐ.ఐ.టి. ఆచార్యులును కూడి సిద్ధపఱచిరి. దానికి 2023లో భారతీయ ప్రమాణము ఏర్పడినది. 2025 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము సిమెంటు మొదలగు పరిశ్రమలకు కర్మాగారము వారీగా వాయువు తగ్గింపు లక్ష్యములు నిర్ణయించి, లక్ష్యమును మించి తగ్గించినవారు ఆ మిగులును అమ్ముకొనుటకును, తగ్గింపలేనివారు కొనుటకును ఏర్పాటు చేసినది. రాతిలోని వాయువునకు ధర కట్టుట ఈ సీమ చరిత్రమున ఇదియే మొదలు.

నేల మాట కూడ చెప్పవలసియున్నది. ‘బంజరు’ అనునది రెవెన్యూవారి పలుకు. గొఱ్ఱెల కాపరికి అది బంజరు కాదు, మేత. ప్రభుత్వము పంచి యిచ్చిన డి-పట్టాదారునకు అది ఆస్తి. పట్టా లేక తాతలనాటినుండి కందులు, కొఱ్ఱలు చల్లుకొన్నవానికి అది బ్రతుకు. కంచె పడునప్పుడు పరిహారము మొదటివానికి లేదు, రెండవవానికి వాదమున్నది, మూడవవానికి కాగితము లేదు. మిడుతూరు మండలములోని రోళ్లపాడు గడ్డిభూములను 1988లో బట్టమేకపిట్టకొఱకు అభయారణ్యము చేసిరి. గని క్షేత్రము పుట్టకమున్నే, చుట్టును సాగు పెరిగి గడ్డి తఱిగి, ఆ పక్షి అచ్చట క్షీణించినది. రాజస్థాన, గుజరాత రాష్ట్రములలో ఆ పక్షికి ప్రాణాంతకములగు విద్యుత్ తీగలను భూగర్భమున వేయుడని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించెను. 2024 మార్చిలో ఆ యాజ్ఞను సడలించుచు, వాతావరణ వైపరీత్యమునుండి రక్షణ పౌరుని హక్కని కూడ పలికెను. పిట్ట హక్కును, పౌరుని హక్కును ఒకే తీర్పులో తూచవలసిన కాలమిది. ఇక వేముల మండలపు తుమ్మలపల్లెలో త్రవ్వు యురేనియము బొగ్గు కాని ఇంధనముల లెక్కలోనికే వచ్చును. అచ్చటి వ్యర్థజలపు చెఱువువలన తమ బోర్ల నీరు చెడినదని చుట్టుపట్ల రైతులు మొఱపెట్టుకొనగా, సంస్థవారు కాదనిరి. ఢిల్లీ పట్టికలో స్వచ్ఛమని వ్రాసిన పదార్థమునకు పల్లెలో వేఱు పేరుండవచ్చును.

ఈ వ్యవహారమంతటిలో రైతునకు చేతికందిన మేలు ఒకటి కలదు. వెనుకటి కాలమున సేద్యపు బోరుకు కరెంటు రాత్రివేళ వచ్చెడిది. ఏ జాముకు వచ్చునో తెలియక, లాంతరు పట్టుకొని చీకటిలో చేనికి పోయి, పాముకాటునకు గుఱియైనవారు సీమపల్లెలలో పెక్కుమంది. సౌరవిద్యుత్తు పగలే పుట్టును, పగలే వాడుకొనుట దానికి మేలు. సేద్యమునకు పగటిపూట తొమ్మిదిగంటలు విద్యుత్తు ఇచ్చు ఏర్పాటునకు ఈ ఎండ విద్యుత్తు చక్కగా పొసగినది. జలాశయము కట్టకయే, కొండ త్రవ్వకయే, మిగులు ఎండను వాడుకొను మార్గమది. పాము భయము తీరినది. కాని పగలంతయు తిరుగు మోటారు క్రింద బోరులోని నీరు మాత్రము ఏటికేడు లోతునకు దిగుచున్నది. పులివెందుల, డోన్ ప్రాంతముల రైతులు ఇప్పుడు బోరు త్రవ్వించుటకు ముందు అడుగునది కరెంటు వేళ కాదు, ఎన్ని వందల అడుగులకు తడి తగులునని.